ఉప్పరవంకలో కంగారు

మొదటి రోజు. అంకె: 58

ఉప్పరవంకలో బస్సు దిగాను. డ్రైవరు లేని బస్సు కాబట్టి ఇదే ఊరా కాదా అని అడగడానికి మనిషి లేడు. తలుపు తెరుచుకుంది, దిగాను, తలుపు మూసుకుంది. నా సంచీ లోపలే ఉండిపోయింది. బస్సు వెనకాల కేకలు వేస్తూ చాలా దూరం పరిగెత్తాను. బస్సు ఆగలేదు. అప్పుడు కంగారును కొలిచే నా చేతి కడియం మీద కనిపించిన అంకె ఇది.

నా పేరు బెహరా లోకనాథం. సొంతూరు టెక్కలి దగ్గర. ప్రభుత్వ ఉపశమన శాఖలో క్షేత్రాధికారిని. జనం ఎక్కడ కంగారు పడుతుంటే అక్కడికి వెళ్లి, వాళ్లను కూర్చోబెట్టి, ఊపిరి ఎలా పీల్చాలో నేర్పి, కడియాల మీద అంకె తగ్గించి రావడం నా ఉద్యోగం. పద్నాలుగేళ్లుగా చేస్తున్నాను. మా శాఖలో నా అంత కంగారు మనిషి ఇంకొకరు లేరు. అందుకే నన్ను ఆఫీసులో ఉంచుకోకుండా ఊళ్లమీదికి పంపుతుంటారు.

ఈ ఊరి అర్జీ ఇలా ఉంది: "మా ఊర్లో కంగారు మితిమీరింది. పంట దక్కేలా లేదు. ఆడా మగా చేనుకు పోలేకున్నాము. వెంటనే మనిషిని పంపగలరు. ఇట్లు, సర్పంచి చౌడప్ప."

చౌడప్ప ఊరి మొదట్లోనే నిలబడి ఉన్నాడు. అరవై దాటిన మనిషి, తలకు తువ్వాలు, ఎండుకట్టెలాంటి ఒళ్లు. నేను బస్సు వెనక పడి పరిగెత్తడం మొత్తం చూశాడట.

"బాగనే ఉరుకుతావు సారూ. పనికొస్తావు" అన్నాడు.

బడి వరండాలో ఊళ్లోవాళ్లను పోగుచేశాడు. నలభై మూడు ఇళ్లవాళ్లు. ఇంత నింపాదిగా ఉన్న మనుషుల్ని నా ఉద్యోగంలో చూడలేదు. ఒకాయన నేను మాట్లాడుతుండగానే నిద్రపోయాడు. ఆఫీసు ముందే పంపిన కడియాలు అందరికీ పంచబోతే తీసుకోలేదు. "గాజులు మాకుండాయి లే సామీ" అని ఆడవాళ్లు నవ్వారు.

దాంతో ఇబ్బంది వచ్చిపడింది. ఊళ్లో ఉన్న కడియాలన్నిటి సగటునే ఆఫీసు ఊరి కంగారుగా లెక్కిస్తుంది. ఇక్కడ ఉన్నది నాదొక్కటే. సాయంత్రం కడియంలోంచి ఆఫీసు గొంతు పలికింది.

"ఉప్పరవంక గ్రామ కంగారు యాభై ఎనిమిది. గమనిక: వారంలో రెండు పర్యాయాలు తొంభై దాటిన గ్రామం నివాసయోగ్యం కాదని భావించి, ప్రజలను పట్టణ టవర్లలోకి తరలిస్తాము. శుభ సాయంత్రం."

అది విన్నాక అరవై రెండుకు పెరిగింది. చౌడప్పకు చెప్పలేదు.

రెండో రోజు. అంకె: 79

నాకు బస ఇచ్చింది చౌడప్ప అక్క మారెక్క ఇంట్లో. డెబ్బై రెండేళ్ల మనిషి. నడుం వంగింది గానీ గొంతు వంగలేదు.

తెల్లవారగానే కిటికీ తెరిచాను. అవతల ఒక ప్రాణి నిలబడి నన్నే చూస్తోంది. నాకంటే జానెడు పొడుగు. కుస్తీ పట్టేవాడి భుజాలు, గాడిద చెవులు, పొట్ట మీద చక్కగా ముడుచుకున్న రెండు చేతులు.

"ఓలమ్మోలమ్మో!" అని మంచం కిందికి దూరాను. భయమేస్తే నా నోట మా ఊరి మాటే వస్తుంది.

మారెక్క చీపురుతో వచ్చింది. "గమ్మునుండు నాయనా. తాసిల్దారు వచ్చినాడు, అంతే."

"తాసిల్దారా?"

"పొద్దున్నే వస్తాడు. చేతులు కట్టుకోని అందరి చేన్లూ చూస్తాడు. ఏది బాగుంటే అది తింటాడు. పలకరించినా పలకడు. ఇంగేం పేరు పెట్టల్ల?"

నీళ్లు ఎండిన వంక అవతల శెనక్కాయ చేలలో ఇంకా వంద దాకా ఉన్నాయి. ముందుకాళ్లతో చెట్లు పీకి, కాయలు వొలుచుకుని, తొక్కలు పక్కన వేస్తున్నాయి. ఒకటి గెంతితే మూడు సాళ్లు దాటుతోంది. అవి కంగారూలు.

అర్జీ పట్టుకుని చౌడప్ప దగ్గరికి పరిగెత్తాను.

"మీరు 'కంగారు' అని రాశారు. చివర దీర్ఘం లేదండీ!"

"లేదు" అన్నాడు చౌడప్ప, బెల్లం ముక్క నోట్లో వేసుకుని.

"కంగారూ అని రాయాలి కదండీ! జంతువుల శాఖకు కదా పంపాలి!"

"రాసినాం సామీ. మూడేండ్లు దీర్ఘం పెట్టే రాసినాం. 'మీ అర్జీ పరిశీలనలో ఉంది' అనిరి. ఈ తూరి దీర్ఘం తీసేసి మీకు రాసినాం. మూడు దినాలకే వస్తివి." నా భుజం తట్టాడు. "మీ శాఖ మంచిది."

ఎప్పుడో ఎవరో పెద్దమనిషి సరదాగా తోట పెట్టి, ఎక్కడినుంచో ఎనిమిది కంగారూలను తెచ్చి పెంచాడట. ఆయన పోయాడు, తోట పోయింది, కంచె పోయింది. కంగారూలు పోలేదు. ఈ గుట్టల్లో ఇప్పుడు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టినవాడు లేడు. ఊళ్లోవాళ్ల దగ్గర మిగిలిన విత్తనమంతా ఈ ఏడు భూమిలోనే ఉంది. ఈ పంట పోతే మళ్లీ వేయడానికి గింజ లేదు. అది చెప్పేటప్పుడు మాత్రం చౌడప్ప నవ్వలేదు.

మూడో రోజు. అంకె: 66

ఆఫీసుకు నిజం చెప్పేశాను. "ఇక్కడ కంగారు అంటే జంతువు. నాకు ఏం చేయాలో తెలియడం లేదు."

ఆఫీసు అంది: "కంగారు జంతువులా మీద పడుతున్నట్టు అనిపించడం సహజ లక్షణమే. ధైర్యంగా ఉండండి."

"అనిపించడం కాదు. నిజంగా నాలుగు కాళ్లు, తోక ఉన్నాయి."

"గ్రామంలో కంగారును సమూలంగా నిర్మూలించేందుకు అవసరమైన ఏ చర్యకైనా మీకు ఇందుమూలంగా పూర్తి అధికారం ఇవ్వడమైనది."

చౌడప్ప ఆ మాటల్ని కాగితం మీద రాయించి, నా వేలిముద్ర వేయించి, కళ్లకద్దుకున్నాడు. మాంసం యంత్రాల్లోంచి రావడం మొదలైన నలభై ఏళ్లుగా అధికారి ఉత్తర్వు లేకుండా ప్రాణిని కొట్టడం నేరం. కొట్టేటప్పుడు ఆ అధికారి పక్కన నిలబడి ఉండాలి కూడా. పక్కన నిలబడాల్సింది నేనని గ్రహించేసరికి ఆలస్యమైంది.

జేబులో ఒక మాంసం కడ్డీ మిగిలి ఉంటే మారెక్కకు ఇచ్చాను. పట్నంలో మేం తినేది ఇదే. ఎర్ర కడ్డీ మేక, తెల్ల కడ్డీ కోడి. ఆమె ఒక కొస కొరికి, చాలాసేపు ఆలోచించి, మిగతాది కోడికి వేసింది. కోడి దాన్ని చూసి పక్కకు తిరిగి వెళ్లిపోయింది.

"నేను తొమ్మిదేండ్ల పిల్లప్పుడు మా తాత ఆ గుట్ట మింది నుంచి దుప్పిని తెచ్చినాడు" అంది మారెక్క. "ఊరంతా పంచుకుంటిమి. నాకు తొడ ముక్క వచ్చె. మళ్లీ దుప్పి రాలేదు, తాత లేడు. నాలిక్కు మాత్రం ఇంగా గుర్తుండాది."

నాలుగో రోజు. అంకె: 91

మొదటి వేట. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఊళ్లో తుపాకీ లేదు. గుడిలో ఒక వల ఉంది. ఏడాదికోసారి పారువేట పండగనాడు దేవుడు వేటకు వెళ్తాడు. ఆ రోజు వల కట్టి, గోనెసంచితో చేసిన కుందేలును అందులోకి విసిరి, చప్పట్లు కొట్టి ఇంటికి వస్తారు. ప్రాణమున్నది ఏదీ ఆ వలలో ఇంతవరకు పడలేదు. మారెక్క అటక మీదినుంచి తాత బల్లెం దించింది. అంతే మా ఆయుధాలు.

వంక ఇరుకుగా ఉన్నచోట వల అడ్డం కట్టారు. ఒక కొస చౌడప్ప చేతిలో, ఇంకో కొస నా చేతిలో. అవతలి వైపు నుంచి మన ఊరివాళ్లే డప్పు కొట్టి మందను మా వైపు తోలాలి.

డప్పు మోగింది. దుమ్ము లేచింది. మంద మొత్తం వంకలోకి దిగింది, ముందు తాసిల్దారు. నా ఎదురుగా వచ్చి ఆగి, చేతులు కట్టుకుని, ఏదో కాగితం చూపించమన్నట్టు చూశాడు.

చేతిలో కాగితం లేదు. "ఓలమ్మో!" అని వల వదిలేశాను. కడియం గట్టిగా కూత పెట్టింది.

వల గాల్లోకి లేచి చౌడప్ప మీద పడింది. మంద అంతా చౌడప్ప మీదుగా, ఒకటి తర్వాత ఒకటిగా, చాలా మర్యాదగా దూకి వెళ్లిపోయింది. చివరిది వెనక్కి తన్నితే డప్పు రెండు ముక్కలైంది. మిగిలిన పగలంతా మేం చౌడప్పను వలలోంచి విప్పుతూ గడిపాం. ఈ వల ఇంత బాగా పట్టుకోవడం ఇదే మొదటిసారని ఒకాయన మెచ్చుకున్నాడు.

ఆఫీసు పలికింది: "ఉప్పరవంక గ్రామ కంగారు తొంభై ఒకటి. మొదటి హెచ్చరిక. మరొక్కసారి దాటితే తరలింపు వాహనాలు బయలుదేరుతాయి."

ఈసారి చౌడప్ప కూడా విన్నాడు.

"ఏం సారూ, నువ్వు భయపడితే మా ఊరు ఎత్తేస్తారా?"

"అవునండీ."

"ఈ మాట ముందే చెప్పుంటే నీకు వల ఇస్తామా అప్పా!"

ఐదో రోజు. అంకె: 22

ఈ అంకె నాది కాదు. గౌరిది.

గౌరి చౌడప్ప గేదె. ఊళ్లో అన్నిటికంటే నిదానమైన ప్రాణి ఏదని వాళ్లు తర్కించి, కడియం తీసి దాని చెవికి కట్టారు. గంటలో అంకె ఇరవై రెండుకు దిగింది. ఆఫీసు మెచ్చుకుంది. ఊరంతా గౌరికి తవుడు పెట్టింది. నేను కూడా కొంచెం తిన్నాను, ఆకలిమీద పొరపాటున.

సాయంత్రం ఆఫీసు మళ్లీ మాట్లాడింది. గేదె చెవి దగ్గర నేను, చౌడప్ప, మారెక్క ముగ్గురం చేరి విన్నాం.

"అధికారి లోకనాథం గారూ, మీ శరీర సంకేతాలను బట్టి మీరు గర్భవతి అని తెలిసింది. ఏడవ నెల. హృదయపూర్వక అభినందనలు."

"నేను మగవాణ్ని" అన్నాను.

"శాఖ ఎవరిపట్లా వివక్ష చూపదు. మీకు ప్రసూతి సెలవు మంజూరు చేయడమైనది. ఎల్లుండి ఉదయం పది గంటలకు మరొక అధికారి వచ్చి బాధ్యతలు తీసుకుంటారు. మీ ఉత్తర్వులన్నీ ఆ క్షణంతో రద్దవుతాయి. చల్లటి నీళ్లు తాగండి."

గౌరి తోక ఊపింది. మేం ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. కొత్త అధికారి వస్తే వేట ఉత్తర్వు పోతుంది. వేట జరిగితే ఎల్లుండి తెల్లవారుజాముకల్లా జరగాలి. అధికారి పక్కన నిలబడాలి, కడియం అధికారి చేతికే ఉండాలి, అంకె తొంభై దాటకూడదు.

చౌడప్ప నన్ను కిందినుంచి పైదాకా చూసి, "అక్కా, నువ్వే ఏమన్నా చెయ్యల్ల" అన్నాడు.

ఆరో రోజు. అంకె: 41

మారెక్క పొద్దున్నే నన్ను గుట్ట మీదికి తీసుకెళ్లింది. చేతిలో బల్లెం లేదు. కొంగున సంగటి ముద్ద, ఊరుబిండి పచ్చడి మాత్రం కట్టుకుంది. పొదల మధ్య బోర్లా పడుకోమంది.

"ఏం చేయాలండీ?"

"ఏం చేయద్దు. చూడు."

"ఎంతసేపు?"

"పొద్దు తిరిగేదాకా. వేటంటే కొట్టేది కాదు నాయనా. కూకునేది. మా తాత నెలకు ఒక దినం కొట్టె, ఇరవై తొమ్మిది దినాలు కూకునె."

మొదటి గంటలో చీమలు కుట్టాయి. రెండో గంటలో కాలు తిమ్మిరెక్కింది. ఆ తర్వాత ఏమీ జరగలేదు. ఏమీ జరగకపోవడం నాకు అలవాటు లేదు. కింద మంద నీడల్లో పడుకుని ఉంది. ఒక తల్లి పొట్ట సంచీలోంచి పిల్ల కాలొకటి బయటికి పొడుచుకు వచ్చింది. తల్లి దాన్ని లోపలికి తోసింది. ఈసారి చెవి బయటికి వచ్చింది. దాన్నీ తోసింది. తోక బయటికి వచ్చింది. నాకు నవ్వాగలేదు. అరచెయ్యి కొరుక్కుని నవ్వాను.

మారెక్క గుసగుసగా ఒక్కొక్కదాన్నే చూపించింది. "తల్లుల్ని ముట్టగూడదు. తాసిల్దారినీ ముట్టగూడదు. వాడు పోతే మంద చెదిరిపోయి దిక్కుకొకటి చేన్లో పడతాది. వానికి భయం నేర్పితే చాలు, వాడే అందరికీ నేర్పుతాడు. మనకు కావాల్సింది ఆ చెవి చీలినోడు. ఒంటిగాడు. ఎవరూ వాని కోసం ఎదురుచూడరు."

కొంతసేపయ్యాక అడిగాను. "చంపడం తప్పు కాదా అండీ?"

"తప్పో ఒప్పో నాకు తెలీదు" అంది ఆమె. "మా తాత దండం పెట్టి కొట్టినాడు, తునక కూడా పారేయకుండా తిన్నాడు. మీ కడ్డీకి ఎవురన్నా దండం పెడతారా?"

పెట్టరు. పొద్దు వాలేసరికి, మళ్లీ నా చేతికెక్కిన కడియం మీద అంకె నలభై ఒకటి ఉంది. పద్నాలుగేళ్లలో మెలకువగా ఉండగా నాకు ఇంత తక్కువ రావడం ఇదే మొదలు.

ఏడో రోజు. అంకె: 89

ఇంకా వెలుగు పూర్తిగా రాకముందే వంకలో నిలబడ్డాం. ఈసారి డప్పు లేదు. ఊరివాళ్లు రెండు గట్ల మీదా నెమ్మదిగా నడిచి వస్తారు, అంతే. నా పక్క పొదలో మారెక్క, చేతిలో బల్లెం. అవతలి కొసన చౌడప్ప. వల నేల మీద పరిచి ఉంది. తాడు నేను లాగితే లేస్తుంది.

మంద వచ్చింది. నడిచే వచ్చింది, అక్కడక్కడా గడ్డి కొరుకుతూ. తాసిల్దారు వల దాటి, నా ముందు రెండు బారల దూరంలో ఆగాడు.

కడియం ఎనభై చూపించింది. ఎనభై నాలుగు. ఎనభై ఏడు. తొంభై దాటితే అది గట్టిగా కూత పెడుతుంది. కూత పెడితే మంద పోతుంది, ఊరు కూడా పోతుంది. వంక గట్టు మీద నలభై మూడు ఇళ్లవాళ్లు ఊపిరి బిగబట్టి నా చెయ్యి వైపే చూస్తున్నారు. ఎనభై తొమ్మిది.

అప్పుడు నాకొక సంగతి తట్టింది. లక్షమందికి ఊపిరి పీల్చడం నేర్పాను. "నాలుగు లెక్కపెట్టి లోపలికి, ఆరు లెక్కపెట్టి బయటికి" అని వేల వరండాల్లో చెప్పాను. నేను మాత్రం ఒక్కసారి కూడా చేసి చూడలేదు. వాళ్లు చేస్తున్నారో లేదోనని కంగారు పడుతూ నిలబడేవాణ్ని.

నాలుగు లోపలికి. ఆరు బయటికి.

తాసిల్దారు ఒక్క గెంతులో దగ్గరికి వచ్చి, మొహం ముందుకు చాచి నన్ను వాసన చూశాడు. నాలుగు లోపలికి. వాడి నోట్లోంచి పచ్చి శెనక్కాయ వాసన. ఆరు బయటికి. వాడు నా మొహం మీద గట్టిగా తుమ్మాడు. తుడుచుకోలేదు. ఎనభై మూడు. డెబ్బై ఎనిమిది. వాడికి నామీద ఆసక్తి పోయింది. పక్కకు తిరిగి గట్టెక్కాడు.

తల్లులు దాటాయి. పిల్లలు దాటాయి. అన్నిటికంటే వెనక చీలిన చెవివాడు ఒంటరిగా వచ్చి వల మీద అడుగు పెట్టాడు.

తాడు లాగాను.

మారెక్క నడుం అప్పుడు వంగి లేదు. రెండడుగులు వేసింది, ఒకే పోటు. అంతే. అది పెద్దగా అరవలేదు. ఆమె మోకాళ్ల మీద కూర్చుని దాని మెడ మీద చెయ్యి వేసి, అది కదలడం మానేదాకా తియ్యలేదు. తర్వాత రెండు చేతులూ జోడించింది. నేనూ జోడించాను. కళ్లలోంచి నీళ్లు కారాయి. ప్రాణం పోవడం నేను చూడటం ఇదే మొదలు. కడియం వైపు చూస్తే అరవై. ఏడుపుకు అది అంకె పెంచదని తెలిసింది.

గట్టు మీదినుంచి తాసిల్దారు అంతా చూశాడు. కాలితో నేలను దబదబా తన్నాడు. మంద మొత్తం ఒక్కసారిగా గుట్ట వైపు ఉరికింది. ఊళ్లోవాళ్లు ఆ పరుగు చూసి కేకలు పెట్టారు. చౌడప్ప తువ్వాలు గాల్లోకి ఎగరేశాడు. అది తిరిగి కింద పడే లోపలే నన్ను ఎత్తుకున్నాడు.

అదే రోజు, మధ్యాహ్నం. అంకె: 14

తోలు తీయడం ఎవరికీ రాదు. మారెక్క ముక్కాలిపీట మీద కూర్చుని "ఆడ కాదురా, ఈడ" అని చీపురుపుల్లతో చూపిస్తే మగవాళ్లు కోశారు. మాంసం నల్లగా ఉంది, కొవ్వన్నది లేదు. పచ్చి బొప్పాయి కాయ కొట్టి వేస్తే గానీ మెత్తబడదంది. ఎండుమిరపకాయలు, ధనియాలు, అల్లం, వెల్లుల్లి రోట్లో నూరి, పెద్ద కుండలో కట్టెల మీద మూడు గంటలు ఉడికించింది. ఆ వాసనకు నిద్రపోయే పెద్దాయన కూడా లేచి కూర్చున్నాడు.

మధ్యలో పదింటికి కొత్త అధికారి రావాలి. రాలేదు. ఊళ్లో దిగకముందే బస్సు తలుపు మూసుకుని ఆయన్ని ముందుకు తీసుకుపోయిందని తర్వాత తెలిసింది.

అందరం వరుసగా కూర్చున్నాం. సంగటి ముద్ద మీద కూర పోశారు. నేను ఒక ముక్క నోట్లో పెట్టుకుని కొరికాను, పన్ను కదిలింది.

"ఇందులో ఏదో గట్టి వస్తువు పడిందండీ."

చౌడప్ప వంగి చూశాడు. "ఎముక సారూ."

"తీసేయడం మరిచిపోయారా?"

ఊరు ఊరంతా నవ్వింది. ఒకావిడకు పొలమారింది. నాకు ఎముక పట్టుకోవడం, పీల్చడం, లోపలి మూలగను రాతిపలక మీద తట్టి రాబట్టడం ముగ్గురు కలిసి నేర్పించారు. ఇన్నాళ్లూ నేను తిన్నది తిండి కాదని మూడో ముక్కకు అర్థమైంది. దీనికి గడ్డి రుచి ఉంది, పొగ రుచి ఉంది, పరిగెత్తిన రుచి ఉంది.

మారెక్క అందరికీ పెట్టాక కూర్చుంది. తొడ ముక్క తీసుకుంది. నమిలింది. ఆమె ఏమంటుందోనని అందరి చేతులూ ఆగిపోయాయి.

"దుప్పి కాదు" అంది.

ఇంకోసారి కొరికి నమిలింది.

"దుప్పికి చెల్లెలు" అంది మళ్లీ. కళ్లు తుడుచుకుని, కారం ఎక్కువైందని తనను తానే తిట్టుకుంటూ ఇంకో ముక్క వేసుకుంది.

భోజనమయ్యాక గోడకు ఆనుకున్నాను. ఎప్పుడు నిద్రపట్టిందో తెలియదు. ఊళ్లోవాళ్లు నా కడియం చూసి పద్నాలుగు అని అరిచి చెప్పుకున్నారట. ఆ అరుపులకూ నేను లేవలేదు.

తొమ్మిదో రోజు. అంకె: 20

ఆఫీసు: "ఉప్పరవంక రాష్ట్రంలోనే అత్యల్ప కంగారు గల గ్రామంగా నమోదైంది. మీ ప్రసూతి సెలవు రద్దు చేయడమైనది. చికిత్స వివరాలు పంపండి."

ఉన్నదున్నట్టు రాశాను. కూకోవడం, వల, దండం, బొప్పాయి కాయ, మూడు గంటలు, ఎముక. ఏదీ దాచలేదు.

ఆఫీసు వివరాలు అందినట్టు చెప్పింది. తర్వాత: "ఈ మందును శాఖ సిబ్బంది అందరికీ సరిపడా పంపగలరా?"

మారెక్కను అడిగాను. "కూర ఊర్లు దాటితే చల్లారిపోతాది. తినేటోళ్లనే రమ్మను" అంది.

అదే మాట ఆఫీసుకు చెప్పాను.

పన్నెండో రోజు. అంకె: చూసుకోలేదు

కంగారూలు చేల వైపు రాలేదు. తాసిల్దారు గుట్ట మీదే నిలబడి దూరంనుంచి చూసి వెనక్కి పోతున్నాడు. నిన్న మారెక్కతో కలిసి మళ్లీ వెళ్లి రెండింటిని తెచ్చాం. బల్లెం నన్ను పట్టమంది. నేను వల తాడే పట్టుకుంటానన్నాను. ఆమె బలవంతం చేయలేదు.

కానీ ఈ తెల్లవారుజామున పడమట మబ్బు పట్టింది. అందరికంటే ముందు విత్తిన చౌడప్ప చేనులో కాయ ముదిరింది. వాన పడితే, చెట్టు పీకినా కాయ భూమిలోనే ఉండిపోతుంది, మొలకెత్తి పాడవుతుంది. ఊళ్లో బలంగా వంగి పీకగలవాళ్లు ముప్పై మంది లేరు. చౌడప్ప చేను గట్టున కూలబడి, "కంగారూలు వదిలిపెడితే వాన పట్టుకునె" అన్నాడు.

పొద్దెక్కాక రెండు బస్సులు వచ్చాయి. ఈసారి తలుపులు తెరుచుకుని చాలాసేపు తెరిచే ఉన్నాయి. ఉపశమన శాఖవాళ్లు అరవై మంది దిగారు. ఇస్త్రీ బట్టలు, పట్నం చెప్పులు, చేతుల మీద కడియాలన్నీ కీచురాళ్లలా కూత పెడుతున్నాయి. ముందు మా సంచాలకురాలు వేదవల్లి గారు. పద్నాలుగేళ్లలో ఆమెను నేను తెర మీదే చూశాను. ఆమె కడియం మీద అంకె తొంభై ఎనిమిది.

"లోకనాథం గారూ, చికిత్సా కేంద్రం ఎక్కడ? మాకు రెండు గంటలే సమయం ఉంది" అన్నారామె.

నేను మారెక్క వైపు చూశాను. మారెక్క మబ్బు వైపు చూసింది, తర్వాత ఆ అరవై జతల చేతుల వైపు చూసింది.

"కూర పొయ్యి మీదుండాది" అంది. "ఉడికేలోపల ఆ చేను పీకి కుప్పెయ్యమను. పని చేయకుండా తింటే ఇది ఒంటికి పట్టదు."

వేదవల్లి గారు నా వైపు తిరిగారు. "ఇది చికిత్సలో భాగమేనా?"

నేను అబద్ధం చెప్పలేను, చెబితే అంకె పెరుగుతుంది. "నాకు తెలియదండీ. ఇక్కడ మారెక్క గారు ఏం చెబితే అది" అన్నాను.

అరవై మందీ చెప్పులు విప్పి చేలోకి దిగారు. మొదట ఒక్కొక్క చెట్టునూ రెండు చేతులతో పట్టుకుని వెనక్కి పడ్డారు. చౌడప్ప సాళ్ల మధ్య పరిగెడుతూ, "మొదులు పట్టుకోండి సామీ, కొనలు కాదు!" అని నేర్పాడు. తర్వాత చేతులు కుదిరాయి. ఎవరో గోదావరి జిల్లా ఉద్యోగి పాట అందుకున్నాడు. కూతలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఎప్పుడు ఆగాయో ఎవరూ గమనించలేదు.

చివరి కుప్ప మీద పట్టా కప్పి రాళ్లు పెట్టేసరికి మొదటి చినుకు పడింది. అందరూ బడి వరండాలోకి పరిగెత్తారు. బయట వాన కుండపోతగా కురుస్తుంటే లోపల మారెక్క సంగటి ముద్దలు వేసింది, చౌడప్ప కూర వడ్డించాడు. వడ్డిస్తూ వడ్డిస్తూ ఆగి, పట్టా కప్పిన కుప్పల్ని ఒకసారి చూసుకుని, మొహం తువ్వాలుతో తుడుచుకున్నాడు. ఊరికి విత్తనమైనా దక్కింది.

వేదవల్లి గారు గోళ్లనిండా మట్టితో, గోడకు ఆనుకుని, ఒక ఎముకను రెండు చేతులా పట్టుకుని మూలగ లాగుతున్నారు. రెండు గంటలు ఎప్పుడో దాటిపోయాయి. ఆఖరికి ఎముక ఆకు మీద పెట్టి అడిగారు.

"మారెక్క గారూ, రేపు కూడా ఈ చికిత్స ఉంటుందా అండీ?"

"ఉంటాది తల్లీ" అంది మారెక్క, ఆమె ఆకులో ఇంకో ముక్క వేసి. "ఈ పొద్దు అయ్యింది ఒక చేనే. ఇంగా నలభై రెండుండాయి."